టీషర్టు వేసుకుని చెప్పిన సాక్ష్యం

జూలై 2, బుధవారం

టీషర్టు ఇచ్చారు. చిలకాకుపచ్చ. వీపు మీద ‘నన్ను అడగండి’ అని ఇంగ్లీషులో ఇంత లావు అక్షరాలు. మెడలో బ్యాడ్జి: పరిమళ, సీఎస్‌ఈ ఫైనలియర్, స్టూడెంట్ అంబాసిడర్. పేరు వింటే ఏదో దేశానికి రాయబారిగా పంపినట్టుంది. పని మాత్రం కాలేజీ గేటు దగ్గర నిలబడటం. ఇంటర్ పాసై వచ్చిన పిల్లలకి గులాబీ పువ్వు, వాళ్ళ అమ్మానాన్నలకి మజ్జిగ ప్యాకెట్ ఇచ్చి, నవ్వుతూ క్యాంపస్ అంతా తిప్పి చూపించడం.

అడ్మిషన్లు చూసే భవానీప్రసాద్ సార్ మా ఇరవై మందినీ సెమినార్ హాల్లో కూర్చోబెట్టి క్లాసు పీకారు. “మీరు ప్రచారం చేయట్లేదు. మీ అనుభవం పంచుకుంటున్నారు, అంతే. మీ ఊళ్ళో మీ మాట నమ్ముతారు. నా మాట నమ్మరు.” ఆ చివరి ముక్క ఒక్కటే నిజం చెప్పారు.

తలా అయిదుగురిని తేవాలి. తెచ్చినవాళ్ళకి హైదరాబాద్ కంపెనీలో ఇంటర్న్‌షిప్‌కి సార్ లెటర్ ఇస్తారు. ఆ లెటర్ లేకపోతే నేను ఈ డిగ్రీ పట్టుకుని వత్సవాయి బస్సు ఎక్కి ఇంటికి రావడమే. అందుకే టీషర్టు తీసుకున్నాను. ఇంకెందుకూ కాదు.

జూలై 3, గురువారం

నవ్వీ నవ్వీ దవడలు పీకుతున్నాయి.

జూలై 4, శుక్రవారం

మూడేళ్ళ నుంచి తాళం వేసి ఉన్న ఏసీ ల్యాబు ఇవాళ తెరిచారు. చూపించడానికి. కంప్యూటర్ల మీద ప్లాస్టిక్ కవర్లు నా చేత్తోనే తీశాను. టూర్ అయ్యాక మళ్ళీ నేనే కప్పాను. అందులో కూర్చుని ఒక్క ప్రోగ్రామ్ కూడా రాసిన పాపాన పోలేదు.

రోబోటిక్స్ ల్యాబులో ఒక రోబో ఉంది. చెయ్యి ఊపుతుంది. ఊపడం తప్ప దానికేమీ రాదు. పిల్లలు మాత్రం దానితో సెల్ఫీలు దిగారు. నాతోపాటు అంబాసిడర్‌గా ఉన్న గీతాంజలి నా చెవిలో, “దీనికి కూడా ఒక టీషర్టు తొడిగితే సరిపోయేదే” అంది. గీతాంజలిది చిల్లకల్లు, పొలాలున్న వాళ్ళు. ఆమెకి లెటర్ అక్కర్లేదు, సరదాకి వచ్చింది. నాకు నవ్వు రాలేదు.

ఒక తల్లి అడిగింది, “ఫ్యాకల్టీ బాగుంటారా అమ్మా?” అని. “చాలా బాగుంటారండి” అన్నాను. బాగానే ఉంటారు, పాపం. జీతాలు సరిగా రాక వెళ్ళిపోతుంటారు. డేటాబేస్ సబ్జెక్టు ఒక్క సెమిస్టర్లో నలుగురు మారారు. ఆమె అది అడగలేదు.

జూలై 6, ఆదివారం

ఇవాళ జరిగింది రాయాలి. నా తప్పేం లేదని ముందే రాసుకుంటున్నాను.

అయిదుగురు కావాలి కదా, మా చర్చిలో ఇంటర్ అయిపోయిన పిల్లలు ఏడుగురున్నారు. మోజెస్ పాస్టరుగారిని అడిగాను, ఆరాధన చివర్లో ప్రకటనలప్పుడు రెండు నిమిషాలు మా కాలేజీ గురించి చెప్తానని. సరే అన్నారు. టీషర్టు వేసుకుని ఫొటో పంపాలని సార్ ఆర్డరు. అమ్మ దాని మీద తెల్ల చున్నీ కప్పింది, “ఆ వీపు మీద రాతలతో ప్రభువు సన్నిధికి వస్తావా” అని.

పాస్టరుగారి వాక్య ప్రసంగం సాగి ఆలస్యమైంది. ప్రకటనలు ఎత్తేశారు. పాస్టరుగారు నన్ను మర్చిపోకుండా సాక్ష్యాలప్పుడే, అంటే దేవుడు తమకి చేసిన మేలు ఒక్కొక్కరూ లేచి చెప్పుకునేటప్పుడే పిలిచారు. నాకంటే ముందు ఒకామె కడుపునొప్పి తగ్గిన సంగతి కన్నీళ్ళతో చెప్పి వెళ్ళింది. ఆ మైకు నా చేతికొచ్చింది. అక్కడ నిలబడితే ఎవరి నోటికైనా మొదట వచ్చేమాటే నాకూ వచ్చింది: “ప్రభువుకు స్తోత్రం.” అందరూ స్తోత్రం అన్నారు. ఇక ఆగలేకపోయాను. దేవుడు నన్ను ఈ కాలేజీలో పెట్టాడన్నాను. ల్యాబులు, లైబ్రరీ, సొంత బిడ్డల్లా చూసుకునే సార్లు, ఉద్యోగాలు. ప్రతి వాక్యానికీ ఆమెన్ అంటుంటే నాకే నిజమనిపించింది. అమ్మ కళ్ళు తుడుచుకుంది.

ప్రకటన చేద్దామనే వెళ్ళాను. సాక్ష్యం అయి కూర్చుంది.

జూలై 7, సోమవారం

నేనేం అబద్ధం చెప్పలేదు. ల్యాబులు ఉన్నాయి. లైబ్రరీ ఉంది. సార్లు ఉన్నారు, ఉన్నన్నాళ్ళు. ఉద్యోగాలు కొందరికి వచ్చాయి. ఉద్యోగాలు వచ్చాయని గేటుకి కట్టిన ఫ్లెక్సీ మీద ఫొటోలున్న పన్నెండు మందిలో ముగ్గురికి నిజంగానే వచ్చాయి.

జూలై 9, బుధవారం

జ్ఞానయ్య బాబాయ్ ఇంటికొచ్చాడు. మా చర్చిలో ముందు వరసలో కూర్చుంటాడు, ఊళ్ళో ట్రాక్టరు తోలతాడు. వరసకి బాబాయ్ కాదు, చిన్నప్పట్నుంచీ అలాగే పిలుస్తాను. గుమ్మం బయటే చెప్పులు విడిచి, నిలబడే మాట్లాడాడు.

“మూడు నెల్ల నుంచీ శుక్రవారం శుక్రవారం ఉపాసం ఉంటున్నానమ్మా, మా క్రిస్టీని ఎక్కడ చేర్పించాలో చూపించమని. దానికి మంచి ర్యాంకు వచ్చిందంట. వాళ్ళ సారేమో దూరంగా ఏదో గవర్నమెంటు కాలేజీ చెప్తన్నాడు. ఎనిమిది గంటలు రైలు. నాకు మనసొప్పలా. ఆదివారం నువ్వు నిలబడి చెప్తుంటే ఒళ్ళు జలదరించింది. ఇంకేం అడగను ఆయన్ని. నువ్వు చదివే కాలేజీకే.”

అమ్మ గర్వంగా టీ పెట్టింది. ర్యాంకు ఎంత బాబాయ్ అని అడిగాను. చీటీ తీసి చూపించాడు. నాలుగంకెల ర్యాంకు. మా బ్యాచ్‌లో అందరివీ లక్ష దాటినవే. ఆ ర్యాంకుతో మా కాలేజీకి ఎవరైనా వస్తే ప్రిన్సిపాల్ ఎదురొచ్చి దండ వేస్తాడు.

“మంచిది బాబాయ్” అన్నాను.

జూలై 10, గురువారం

ఇప్పటికి నలుగురు. క్రిస్టీతో అయిదు.

జూలై 14, సోమవారం

వెబ్ ఆప్షన్లు మొదలయ్యాయి. ఏ కాలేజీ ముందు కావాలో, ఏది తర్వాత కావాలో పిల్లలు ఎవరికి వాళ్ళు ఇంటర్నెట్‌లో పెట్టుకోవాలి. మా కాలేజీలో అయితే ఆ కష్టం మేమే పడతాం. గేటు పక్కన షామియానా, నాలుగు ల్యాప్‌టాప్‌లు. పిల్లల దగ్గర హాల్‌టికెట్, పాస్‌వర్డ్ తీసుకుని మేమే పెడతాం. ఒక్కటే పెడతాం. మాదే. శుక్రవారం సాయంత్రం దాకా మార్చుకోవచ్చన్న సంగతి ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

జ్ఞానయ్య బాబాయ్ క్రిస్టీని తీసుకుని పదింటికే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. మజ్జిగ ప్యాకెట్ వద్దన్నాడు, “ఉంచమ్మా, ఎండలో నిలబడ్డ పిల్లలు మీరు తాగండి” అని. క్రిస్టీ పువ్వు పట్టుకుని రోబోని చూసింది, ల్యాబు చూసింది. కంప్యూటర్‌ని చేత్తో నిమిరింది. మూలనున్న ఒకదాని మీద కవరు తీయడం నేను మర్చిపోయాను. ఆ పిల్ల కవరు వైపు చూసి నా వైపు చూసింది.

షామియానాలోకి వచ్చాక బాబాయ్ క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్న పాస్‌వర్డ్ నా చేతిలో పెట్టాడు. ఫోన్ కూడా ఇచ్చేశాడు, “ఏదో నంబరు వస్తదంటగా, నువ్వే చూసుకో” అని. భవానీప్రసాద్ సార్ ర్యాంకు చూశారు. ఆయన మొహం వెలిగిపోయింది. నా కుర్చీ వెనకే నిలబడ్డారు.

క్రిస్టీ వంగి మెల్లగా అంది, “అక్కా, ఇంకోటి కూడా పెట్టొచ్చుగా.”

నేను నోరు తెరిచేలోపే సార్ అందుకున్నారు. “ఒకటే అయితే క్లియర్‌గా ఉంటది నాన్నా. ఎక్కువ పెడితే ఎక్కడో విసిరేస్తారు.”

క్రిస్టీ వాళ్ళ నాన్న వైపు చూసింది. బాబాయ్ నా వైపు చూశాడు. నేను స్క్రీన్ వైపు చూశాను. ఒకటే పెట్టాను. సేవ్ నొక్కాను.

సార్ నా భుజం తట్టారు. “పరిమళా, లెటర్ ఈ వారమే.”

జూలై 15, మంగళవారం

నేనేం అబద్ధం చెప్పలేదు అని మళ్ళీ రాద్దామని కూర్చున్నాను. చెయ్యి రాలేదు.

ఒళ్ళు మండుతోంది. సార్ మీదా, ఆ రోబో మీదా, స్తోత్రం అనగానే స్తోత్రం అనే వాళ్ళందరి మీదా. బాబాయ్ మీద కూడా. పద్దెనిమిదేళ్ళ పిల్ల బతుకు ఎవరో మైకులో చెప్పారని పెట్టేస్తాడా? నన్ను ఎవడు నమ్మమన్నాడు?

నేనే. టీషర్టు మీద రాసుకుని మరీ తిరిగాను.

జూలై 17, గురువారం

పొద్దున్నే బాబాయ్ ఇంటికి వెళ్ళాను. ట్రాక్టరు కింద దూరి ఏదో బిగిస్తున్నాడు. బయటికి రానిచ్చి చెప్పేశాను. ఆ కాలేజీ క్రిస్టీకి వద్దు బాబాయ్, ఆ ర్యాంకుకి ఆ గవర్నమెంటు కాలేజీలో సీటొస్తది, రేపు సాయంత్రం దాకా టైముంది, మార్చేద్దాం.

గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. “మరి ఆదివారం చెప్పిందో?”

“అది... కాలేజీ వాళ్ళు చెప్పమన్నారు.”

“కాలేజీ వాళ్ళు చెప్పమంటే ఆడ నిలబడి చెప్పావా?”

అవునని తలూపాను.

“ఇప్పుడెవరు చెప్పమన్నారు నిన్ను? ఇంకో కాలేజీ వాళ్ళా?”

అది మాత్రం తట్టుకోలేకపోయాను. ఏడ్చాను. ఆయన కరగలేదు. “సాక్ష్యం పదిమందిలో చెప్పావు. ఇదేమో ట్రాక్టరు చాటున చెప్తన్నావు. ఏది నమ్మమంటావమ్మా నన్ను?” అని మళ్ళీ ట్రాక్టరు కిందికి దూరాడు.

తిరిగి వస్తుంటే క్రిస్టీ వీధి మలుపు దాకా నా వెనకే వచ్చింది. “అక్కా, నాన్న నా మాట వినడు. నీ మాటే వింటాడు.” అంతే అని వెళ్ళిపోయింది.

జూలై 18, శుక్రవారం

శుక్రవారం ఉపవాస ప్రార్థన. కాలేజీకి వెళ్ళలేదు, షామియానాలో డ్యూటీ ఉన్నా. సార్ నాలుగుసార్లు ఫోన్ చేశారు.

ముప్ఫై మంది దాకా ఉన్నారు, ఎక్కువ ఆడవాళ్ళు. అమ్మే పాటలు పాడిస్తుంది. జ్ఞానయ్య బాబాయ్ ఎప్పట్లాగే ముందు వరసలో. సాక్ష్యాలప్పుడు నేనే లేచాను. మామూలు చుడీదార్. స్తోత్రం అనలేదు, అంటే మళ్ళీ అటే కొట్టుకుపోతానని భయం.

“పోయిన ఆదివారం ముందు ఆదివారం నేను చెప్పింది సాక్ష్యం కాదండి. నాకు అప్పజెప్పిన పని చేశాను. పిల్లల్ని తెస్తే నాకో లెటర్ ఇస్తామన్నారు” అన్నాను. తర్వాత వరసగా చెప్పుకుంటూ పోయాను. తాళం వేసిన ల్యాబు. నలుగురు మారిన సబ్జెక్టు. ఫ్లెక్సీ మీద ఫొటో ఉన్న అన్నయ్య గరికపాడు దగ్గర ఢాబాలో బిల్లింగ్ కౌంటర్లో ఉన్న సంగతి. ఎవరూ ఆమెన్ అనలేదు.

అమ్మ పాటల పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. అందరి ముందే అడిగింది, గొంతు పెంచకుండా. “మూడేళ్ళ నుంచీ నాకూ ఇట్టాగే చెప్పావా?”

అవునన్నాను. దానికంటే పెద్ద శిక్ష ఏముంటుందో నాకు తెలియదు. నాకు సీటు వచ్చినప్పుడు ఇదే చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టించింది అమ్మ. అందరికీ పులిహోర పంచింది. అంత సంబరపడ్డ మనిషికి ల్యాబుకి తాళం వేశారని ఎలా చెప్పను? మొదటి నెలలో చెప్పలేకపోయాను. ఆ తర్వాత చెప్పడానికి వీల్లేకుండా పోయింది.

పాస్టరుగారు “కూర్చో తల్లీ” అన్నారు. ప్రార్థన చేశారు గానీ అందులో నా పేరు ఎత్తలేదు.

అయ్యాక వరండాలో బాబాయ్ ఫోన్ తీసి క్రిస్టీకి ఇచ్చాడు. నాకు కాదు. “పెట్టుకో. నీ చేత్తో నువ్వే పెట్టుకో. పంపేదీ లేందీ తర్వాత మాట.” క్రిస్టీ చెప్పుల స్టాండ్ పక్కన కూర్చుని పెట్టుకుంది. గవర్నమెంటు కాలేజీ మొదట. మాది తీసేసింది. అప్పటికి మూడున్నర. ఆరింటికి మూసేస్తారు.

జూలై 19, శనివారం

బాబాయ్ సార్‌కి ఫోన్ చేసి పేరు తీసేయమన్నాడట. లెటర్ లేదు. బ్యాడ్జి తీసుకున్నారు. టీషర్టు ఉతికి ఇవ్వమన్నారు. ఉతక్కుండా ఇచ్చాను.

జూలై 20, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. అమ్మ రమ్మనలేదు.

జూలై 22, మంగళవారం

క్రిస్టీకి సీటు వచ్చింది. గవర్నమెంటు కాలేజీలో, ఆ పిల్ల కోరుకున్న బ్రాంచిలోనే. గీతాంజలి ఫోన్లో చూసి నాకు చెప్పింది. క్యాంటీన్లో కూర్చుని ఒక్కదాన్నే సమోసా తిన్నాను. మొన్నటి నుంచీ ఏదీ సయించలేదు, ఇవాళ రెండు తిన్నాను.

జూలై 23, బుధవారం

సంబరపడటానికి నాకు సిగ్గుండాలి.

బాబాయ్ పంపనంటున్నాడు. శనివారం లోపల వెళ్ళి చేరకపోతే సీటు పోతుంది. క్రిస్టీ ఏడుస్తూ మా ఇంటికొచ్చింది. దాన్ని తీసుకుని నేనూ అమ్మా వెళ్ళాం. అమ్మ నాతో మాట్లాడటం లేదు, అయినా వచ్చింది.

“ఎట్టా పంపమంటావు వదినా?” అన్నాడు బాబాయ్ అమ్మతో. “మన కళ్ళముందు పుట్టిన పిల్ల, మన మందిరంలో నిలబడి చెప్పిందే తప్పయింది. ఎనిమిది గంటల అవతల ఎవరున్నారు నాకు? ఏ బోర్డు చూసి నమ్మేది, ఎవరి మాట వినేది? నందిగామలో డిగ్రీలో చేరుద్ది. పొద్దున పోయి సాయంత్రం వస్తది.”

నేను చేసింది ఇదన్నమాట. మా కాలేజీ ఒక్కటే కాదు, ఏ కాలేజీ గురించి ఎవరు చెప్పినా ఆయన ఇక వినడు. నిజం చెప్పి క్రిస్టీకి సీటు తెచ్చాను అనుకున్నాను నిన్నంతా. అబద్ధంతో అయితే కనీసం ఇంజినీరింగ్ చదివేది.

“బాబాయ్, ఎవరి మాటా వినొద్దు. వెళ్ళి చూసొద్దాం. నచ్చకపోతే వెనక్కి వచ్చేద్దాం” అన్నాను.

“నాకేం తెలుసు చూడ్డానికి? బిల్డింగు చూస్తే నాకన్నీ బాగానే ఉంటయి. మీదీ బాగానే ఉంది.”

అమ్మే అంది, “దీన్ని తీసుకుపో జ్ఞానయ్యా. ఎక్కడెక్కడ కవర్లు కప్పుతారో దీనికి తెలుసుగా.”

అది మెచ్చుకోలో తిట్టో తెలియలేదు. ఆయన నా వైపు తిరిగాడు. “శుక్రవారం పొద్దున రైలు. అబద్ధం అయితే మాత్రం ఈసారి నా దగ్గరికి రామాక.”

జూలై 27, ఆదివారం

ఇల్లు చేరాం. మొత్తం రాయాలి, మర్చిపోకముందే.

శుక్రవారం సాయంత్రానికి చేరాం. పాస్టరుగారు ముందే ఫోన్ చేసి ఆ ఊరి చర్చిలో పడుకోవడానికి చోటు చూశారు. నిన్న పొద్దున్నే కాలేజీ. గేటు దగ్గర గులాబీ పువ్వు లేదు, మజ్జిగ లేదు. వేపచెట్టు కింద ఒక బల్ల, దాని వెనక సెకండియర్ పిల్ల, కాగితం మీద పేరు రాసి పిన్నీసుతో గుచ్చుకుంది. మమ్మల్ని చూడగానే లేచి నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు.

“వెల్‌కమ్ అంకుల్. మన కాలేజీ చాలా పాతదండి, మంచి పేరున్న...”

బాబాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు. “మంచివి తర్వాత చెబుదువు గానీ తల్లీ. నీకిక్కడ బాగోలేనివి ఏందో ముందు అయి చెప్పు.”

ఆ పిల్ల బిత్తరపోయింది. అటూ ఇటూ చూసింది, సార్లు ఎవరైనా ఉన్నారేమోనని. నా వైపు చూసింది. “చెప్పమ్మా, ఏం కాదు” అన్నాను.

“హాస్టల్లో నలుగురు ఉండాల్సిన గదిలో ఏడుగురం ఉంటాం అంకుల్” అంది చిన్నగా. “పొద్దున బాత్రూముల దగ్గర లైను. సాంబారు నీళ్ళు. రెండు పోస్టులు ఖాళీ, ఆ సబ్జెక్టులు సీనియర్లే చెప్తారు. మొదటి నెల నేను రోజూ ఏడ్చాను.” పిన్నీసు సర్దుకుంది. “ల్యాబులు మాత్రం ఎప్పుడూ తీసే ఉంటాయి. పాత కంప్యూటర్లే. కానీ ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లేపరు.”

నేను వెళ్ళి చూసొచ్చాను. నిజమే. కీబోర్డుల మీద అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి. కుర్చీలు విరిగి, తాళ్ళతో కట్టి ఉన్నాయి. నాకు చెప్పలేనంత కుళ్ళు పుట్టింది. వచ్చి బాబాయ్‌కి అదే చెప్పాను. కుర్చీలు విరిగాయి, అక్షరాలు అరిగాయి, పిల్లలు కూర్చుని రాసుకుంటున్నారు అని.

ఆయన క్రిస్టీ వైపు తిరిగాడు. “విన్నావుగా. ఏడుగురంట. ఉండగలవా?”

“ఉంటా నాన్నా.”

“సంతకం ఎక్కడమ్మా పెట్టాల్సింది?” అని ఆ పిన్నీసు పిల్లని అడిగాడు.

మధ్యాహ్నం రైలెక్కాం. వచ్చే వారం నుంచి క్లాసులు, అప్పుడు మళ్ళీ దింపి వస్తాడు. క్రిస్టీ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. బాబాయ్ జామకాయలు కొని ఒకటి నాకు ఇచ్చాడు. ఇంటి దగ్గర బయల్దేరినప్పట్నుంచీ నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. జామకాయ సగం తిన్నాక అడిగాడు.

“ఇప్పుడు నీ కాలేజీ సంగతి చెప్పు.”

“ఇంకెందుకు బాబాయ్. మొన్న చర్చిలో చెప్పాగా. క్రిస్టీ అక్కడికి రావట్లేదుగా.”

“అది రాదులే. నువ్వుంటన్నావుగా ఆడ.”

మూడేళ్ళలో ఈ మాట నన్నెవరూ అడగలేదు. నేనూ ఎవర్నీ అడగనివ్వలేదు. మొదటి రోజు నుంచి మొదలుపెట్టాను. ఆయన జామకాయ పక్కన పెట్టి విన్నాడు. ఏలూరు దాటినా అవ్వలేదు.